మణికట్టు మధ్య దూదిపింజ

దేవేంద్రప్ప ఇంటి వసారాలో పరుపు ఏకుతూ హుసేన్ వలి పదకొండో సిపాయిని పడగొట్టే సమయానికి గిడ్డయ్య వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

పడగొట్టింది హుసేన్ వలి కాదు. రంగూనులో అతనికి గురువైన లిన్ చాచా అనే చీనా ముసలాయన. దెబ్బ వేయకుండా, కాలు కదపకుండా, ఒక్క మణికట్టు తిప్పి పదకొండుమంది తెల్ల సిపాయిలను నడివీధిలో వరసగా పండబెట్టాడట. దూదేకుల హుసేన్ వలి ఎవరింట పరుపు ఏకినా ఈ కథ ఉచితం. దూదేకే విల్లు నారి మోగుతుంటుంది, దూది రేగి అతని మీసాలకూ కనురెప్పలకూ అంటుకుంటుంది, ఆ తెల్లబడిన ముఖంతో అతను రంగూను వీధులన్నీ తిప్పి తీసుకొస్తాడు. కోసిగికి మూడు కోసుల దూరంలో ఉన్న జుమ్మలబండలో ఆ కథ వినని గడప లేదు. వానలు మొహం చాటేసిన ఊరు. దుడ్లు పెట్టకుండా దొరికేది ఏదైనా ఉంటే ఆ ఊరివాళ్ళు రెండుసార్లు పుచ్చుకుంటారు.

"ఏం మామా," అన్నాడు గిడ్డయ్య. "పోయిన ఏడు ఏడుమందే కదా సిపాయిలు? ఈ ఏడు పదకొండుమంది అయినారే. తక్కిన నలుగురూ రైలుకి దిగినారా?"

వసారాలో కూర్చున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. హుసేన్ వలి కూడా నవ్వేసి ఉంటే కథ అక్కడితో సరిపోయేది. కానీ నలభై అయిదేళ్ళ మనిషికి ఆడవాళ్ళ ముందు నవ్వులపాలవడం మింగుడు పడదు. విల్లు పక్కన పెట్టాడు.

"నీకి ఎంత చెప్పినా ఎక్కదులేప్పా గిడ్డయ్యా. నీ బలమంతా తొక్కలో ఉండాది. లోపలికి పోలా."

నవ్వులు ఆగిపోయాయి. గిడ్డయ్య అంటే కుర్రాళ్ళు కసరత్తు చేసే ఊరి తాలీంకు పెద్ద. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. ఉగాదినాడు చావిడి ముందున్న రాతి గుండును భుజం మీదికెత్తి వెనక్కి వేసే మగవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే. పని దినాల్లో ఆదోనికి పోయి పత్తి మిల్లులో బేళ్ళు మోస్తాడు. పీర్ల పండగకని నిన్ననే ఊరికి వచ్చాడు. అలాంటివాణ్ణి పట్టుకుని దూదేకే మనిషి తొక్కలో బలం అన్నాడు.

"అట్లనా," అన్నాడు గిడ్డయ్య, చాలా మెల్లగా. "అయితే ఏడో దినం పీర్ల ముందర నీ మణికట్టు పట్టుకుంటా. విడిపించుకో."

దేవేంద్రప్ప ఊళ్ళో భూములున్న ఆసామి, అన్ని పందేలకూ మధ్యస్తం అతనే. తమలపాకు నములుతూ, "పందెం ఎంతప్పా?" అని అడిగాడు.

"దుడ్లు నాకెందుకు? నోరే పందెం. ఈయప్ప ఓడితే పీరు మీద చెయ్యేసి ప్రమాణం చేయల్ల. ఇంక జన్మలో రంగూను మాట, చీనాయప్ప మాట ఎత్తకూడదు. నేను ఓడితే ఆ గుండు ముట్టను."

"సరే," అనేశాడు హుసేన్ వలి. అన్నాక విల్లు అందుకున్నాడు గానీ కథ మాత్రం ముందుకు సాగలేదు.

ఆ ఊళ్ళో మణికట్టు పట్టు అనేది పాత ఆచారం. ఒకడు ఎదుటివాడి మణికట్టును ఒంటి చేత్తో పట్టుకుంటాడు. బెత్తెడు ఊదుబత్తి కాలి ఆరిపోయేలోగా రెండోవాడు విడిపించుకోవాలి. పట్టినవాడి చెయ్యి జారినా, మడమ నేల వదిలినా వాడు ఓడినట్టే. పీర్ల ముందు ఆడిన మాట కనుక తప్పినవాడికి ఊళ్ళో నిప్పు కూడా పుట్టదు.

ఇంటికి వెళ్ళేసరికి మాట అతనికన్నా ముందే చేరింది. భార్య దస్తగిరమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"పదకొండుమంది అనకపోతే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"నోరు జారిందిమే."

"జారిందని పందెంలో పెడతారా యాడన్నా? రంగూను నుంచి ఏం తెచ్చినావు నువ్వు? మొలకి గుడ్డ, నోట్లో ఆ ముసలాయన మాటలు. గుడ్డ ఎప్పుడో చినిగిపాయె. ఇంక ఉండాది అదొకటే కదా!"

ఆమె అన్నది అక్షరాలా నిజం.

కరువుకు తాళలేక ఇరవై ఒకటో ఏట భుజాన విల్లు వేసుకుని మద్రాసు వెళ్ళి, అక్కడ ఓడెక్కి రంగూనులో దిగాడు హుసేన్ వలి. దిగిన మూడో రోజున ఒక సందులో నారి మోత వినబడి, తన ఊరివాడెవడో ఉన్నాడని పరుగెత్తాడు. వెళ్ళి చూస్తే జడ తెల్లబడిన చీనా ముసలాయన, తన దానిలాంటి విల్లుతోనే దూది ఏకుతున్నాడు. సముద్రం అవతల కూడా దూదేకులవాళ్ళు ఉన్నారని తెలిసి హుసేన్ వలికి ఏడుపొచ్చింది. ఆ ముసలాయనే లిన్ చాచా. ఆయన అంగట్లోనే పదేళ్ళు పనిచేశాడు. వచ్చీరాని హిందుస్తానీలో ఇద్దరూ బతికేశారు.

చీనా దేశంలో యుద్ధవిద్య రెండిళ్ళుగా చీలి కూర్చుందని చెప్పింది ఆయనే. బయటి ఇల్లు, లోపలి ఇల్లు. బయటి ఇంటివాడు ఇసుక సంచిని గుద్ది గుద్ది పిడికిలిని రాయి చేసుకుంటాడు, ఎగిరి తంతాడు, కండ పెంచుతాడు. లోపలి ఇంటివాడు మెల్లగా కదులుతాడు, ఊపిరిని పొత్తికడుపులోకి దించుతాడు, ఎదుటివాడి బలం ఎటు వస్తుందో తాకిన చోటినుంచి వింటాడు. కొత్తగా వచ్చిన హుసేన్ వలి కండబలంతో దూదిని బాదుతుంటే చాచా చెయ్యి పట్టి ఆపేవాడు. అది బయటి ఇంటి పని అనేవాడు. నారిని మోగనివ్వు, దూది దానంతట అదే విడుతుంది, అది లోపలి ఇంటి పని అనేవాడు. ఏ ఇల్లు గొప్పదని అడిగితే, నేను రెండిళ్ళలోనూ అన్నం తిన్నాను అని నవ్వేవాడు. లోపలిదే గొప్పదని జుమ్మలబండలో చెప్పుకున్నది హుసేన్ వలి సొంత కవిత్వం.

సిపాయిలు కూడా అలాంటి కవిత్వమే. పదేళ్ళలో చాచా ఒక్కణ్ణీ కొట్టగా అతను చూడలేదు. అతనికి నేర్పింది కూడా మూడే పనులు. నిలబడటం, ఊపిరి తీయడం, మణికట్టుకు మణికట్టు ఆనించి నెట్టుకోవడం. రెండు మణికట్ల మధ్యన చాచా చిన్న దూదిపింజ పెట్టేవాడు. అది రాలిపోకూడదు, నలిగి చదును కాకూడదు. అంతే ఆట. ఎదుటి చెయ్యి వస్తే వెనక్కి, పోతే వెంబడే. కొట్టడం ఎప్పుడు నేర్పుతావు చాచా అని ఏడాదికోసారి అడిగేవాడు. జపానువాళ్ళ బాంబులు పడి అంగడి, అందులోని దూది, ఆ ముసలాయన అన్నీ ఒక్కపూటలో కాలిపోయిన రోజున ఆ ప్రశ్న కూడా పోయింది. తరవాత కొండలూ అడవులూ నడిచి ఇంటికి చేరాడు. చాచాకు ఆలుబిడ్డలు లేరు. ఆయన పేరు పలికే మనిషి ఈ భూమ్మీద తనొక్కడే అని హుసేన్ వలికి తెలుసు. ఆ పేరునే ఇప్పుడు పందెంలో ఒడ్డాడు.

మర్నాడు పొద్దున్నే గడ్డివామి వెనక నిలబడి భార్యను పిలిచాడు. "నీ చెయ్యి ఒకసారి ఇట్ల పెట్టుమే."

దస్తగిరమ్మ అటూ ఇటూ చూసి చెయ్యి చాపింది. మధ్యన దూదిపింజ పెట్టాడు. ఆమె నెట్టింది. పింజ రాలింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ రాలింది. మూడోసారి అతని చేతికీ గోడకూ మధ్య పెట్టినట్టు నలిగిపోయింది.

"నాదేం గిడ్డయ్య చెయ్యి కాదే. ఎందుకట్ల బిగుసుకుంటాండావు?"

"పదమూడేండ్లాయె, ఎవురి చేతినీ ఇట్ల తాకి."

"అయితే పొద్దు మునిగేదాకా తాకు. నాకి వంటేం లేదులే, పిండి నిండుకుంది," అంటూ ఆమె మళ్ళీ మణికట్టు చాపింది.

ఏడో దినం సాయంత్రం, పొద్దు ఇంకా రెండు బారలుండగానే చావిడి ముందు ఊరంతా చేరింది. తప్పెట్లు మోగుతున్నాయి. లోపల పచ్చబట్టలు కట్టిన పీర్లు వరసగా నిలబడి ఉన్నాయి. పీర్లను చూసుకునే ముజావర్ నబీ సాహెబ్ ఊదుబత్తిని బెత్తెడు కొలిచి విరిచి, పిడికెడు మన్నులో గుచ్చి వెలిగించాడు. తప్పెట్లు ఆగాయి. ఆడవాళ్ళ వైపు దస్తగిరమ్మ ఉంది. ఆమెకు నాలుగడుగుల దూరంలో గిడ్డయ్య భార్య గురమ్మ, చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకుని ఇంకొక బిడ్డ.

గిడ్డయ్య పట్టు పట్టాడు.

హుసేన్ వలి ఎముకలు కటకటమన్నాయి. వేళ్ళ చివర్లు క్షణంలో నల్లబడ్డాయి. లాక్కోవాలని ఒళ్ళంతా అరిచింది. ఎవడైనా లాగుతాడు, లాగినవాడల్లా గిడ్డయ్య చేతిలో ఓడాడు. అతను లాగలేదు. మోకాళ్ళు కాస్త వదులు చేశాడు. ఊపిరి కిందికి దించబోయాడు, అది గుండె దగ్గరే చిక్కుకుంది.

"ఏమప్పా, నిద్రపోతాండావా?" అని ఎవడో కేక వేశాడు. జనం గొల్లుమన్నారు.

ఊదుబత్తి మూడోవంతు కాలింది. రెండో ఊపిరి కూడా దిగలేదు. మూడోది దిగింది. అప్పుడు వినబడసాగింది. చెవికి కాదు, చేతికి. గిడ్డయ్య వేళ్ళ బలం, మోచేతి బలం, ఆ పైన దండచెయ్యి. ఆ పైన భుజం దగ్గరికి వచ్చేసరికి ఏదో తేడా కొట్టింది. విల్లు నారిలో ఒక్క పోగు తెగితే పైకి కనబడదు, మోత మాత్రం మారుతుంది. ఎన్నో ఏళ్ళుగా నారి తెగే ముందు పట్టుకున్న చెయ్యి అతనిది. గిడ్డయ్య కుడిభుజం చెడి ఉంది. లోపలెక్కడో నరం తెగి, మనిషి దాన్ని పళ్ళ బిగువున మోస్తున్నాడు. అందుకే మొదటి క్షణంలోనే బలమంతా గుమ్మరించేశాడు.

హుసేన్ వలి మణికట్టును గోరంత తిప్పాడు. అంతే. గిడ్డయ్య పెదవులు తెల్లబడ్డాయి. పంచె అంచు కింద అతని కుడి మడమ నేల వదిలి లేచింది.

ఆ చుట్టూ ఉన్న వందలమందిలో ఒక్కరూ అది చూడలేదు. తెలిసింది ఇద్దరికే, చెయ్యి పట్టినవాడికి, ఆ పట్టులో ఉన్నవాడికి. గిడ్డయ్య కళ్ళలో వెర్రి భయం కదిలింది. ఇంకొక్క గోరంత తిప్పితే చాలు, గిడ్డయ్య మోకాళ్ళ మీద పడతాడు. ఊరంతా కళ్ళారా చూస్తుంది. పదకొండుమంది సిపాయిలూ నిజమైపోతారు. లిన్ చాచా పేరు తరతరాలు నిలుస్తుంది. హుసేన్ వలికి నోరూరింది. అబద్ధమెందుకు, శానా ఊరింది. ఇన్నేళ్ళు ఎగతాళి చేసినవాళ్ళ ముఖాలన్నీ ఒక్కసారి చూడాలనిపించింది.

కానీ తిప్పితే ఆ భుజం ఊడుతుంది. ఊడిన భుజంతో బేలు మోయలేడు. గురమ్మ కొంగు పట్టుకున్న బిడ్డ చీమిడి తుడుచుకుంటూ నాన్న వైపే చూస్తోంది.

సరిగ్గా అప్పుడే, ఊళ్ళో ఎవరికీ చెప్పని కథ ఒకటి అతనికి గుర్తొచ్చింది. రసం లేదని చెప్పలేదు దాన్ని. ఒకసారి తాగిన హమాలీ ఒకడు అంగట్లోకి వచ్చి చాచా మెడ పట్టుకున్నాడు. చాచా కదలకుండా అలాగే నిలబడ్డాడు. చాలాసేపటికి వాడే వదిలేసి, కింద కూర్చుని ఏడ్చి వెళ్ళిపోయాడు. ఎందుకు తోసెయ్యలేదని హుసేన్ వలి కోపంగా అడిగాడు. వాడి మోకాలు చెడ్డది, తోస్తే మళ్ళీ లేవడు అన్నాడు చాచా, దూది ఏరుకుంటూ.

హుసేన్ వలి మణికట్టును తిరిగి మధ్యకు తెచ్చాడు. గిడ్డయ్య మడమ నేలను తాకింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఊదుబత్తి బూడిద వంగి రాలింది. నిప్పు మన్నులో ఆరిపోయింది.

"ఓడిపోయినా," అన్నాడు హుసేన్ వలి.

ఈలలు, కేకలు, తప్పెట్లు. గిడ్డయ్య మాత్రం నవ్వలేదు. దేవేంద్రప్ప చెయ్యెత్తి అందరినీ ఆపి, ప్రమాణం చెయ్యమన్నాడు. హుసేన్ వలి చావిడి మెట్లెక్కి పీరుకు కట్టిన పచ్చబట్ట మీద చెయ్యి వేశాడు. చెయ్యి వాచి ఉంది.

"పదకొండుమంది అబద్ధం," అన్నాడు. "నేను చూసింది ఒక్కణ్ణే. వాణ్ణి కూడా చాచా పడెయ్యలా. ఇంక రంగూను మాట గానీ లిన్ చాచా మాట గానీ నా నోట రాదు."

జనం విరగబడి నవ్వారు. దస్తగిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఇంటివైపు నడిచింది.

ఆ తరవాత హుసేన్ వలి ఏకిన పరుపులు మూగవి. అలవాటుకొద్దీ నారి మోగగానే నోరు తెరిచేవాడు, చాచా పేరు నాలుక చివరికి వచ్చేది, మూసేసేవాడు. వినేవాళ్ళు లేక వసారాలు ఖాళీ అయ్యాయి. దూదేకే మోత ఒక్కటే వింటూ ఎవరు కూర్చుంటారు? భర్త ముఖం చూడలేక దస్తగిరమ్మ, "ఆ పదకొండుమందినీ చెప్పుపో, నేను ఎవురికీ చెప్పనులే," అంది ఒకరోజు. అతను తల అడ్డంగా ఊపాడు.

అంతకు ముందే, పండగ ముగిసిన మూడో పొద్దున గిడ్డయ్య గడ్డివామి వెనకకు వచ్చాడు.

"మామా, నా మడమ లేసింది. నాకి తెల్సు, నీకీ తెల్సు. ఎందుకు వదిలేసినావు?"

జవాబంతా రంగూనులో ఉంది. దాన్ని చెప్పే నోరు పీరు దగ్గర ఉంది. హుసేన్ వలి అతని కుడిభుజం మీద మెల్లగా వేలు పెట్టాడు. గిడ్డయ్య ఉలిక్కిపడ్డాడు.

"రెండు నెల్లాయె, బేలు మీద పడి. తెలిస్తే మిల్లులో పనికి రానీరు. ఇంట్లో కూడా చెప్పలా." గిడ్డయ్య చెయ్యి చాపాడు. "నాకి నేర్పు మామా."

హుసేన్ వలి చొక్కాకు అంటిన దూదిపింజ ఒకటి తీశాడు. తన మణికట్టును గిడ్డయ్య మణికట్టుకు ఆనించి, మధ్యన దాన్ని ఉంచాడు. గిడ్డయ్య నెట్టాడు. పింజ రాలింది. హుసేన్ వలి వంగి తీసి మళ్ళీ పెట్టాడు. ఒక్క మాట చెప్పకుండా అలా ఎన్ని పొద్దులు గడిచాయో లెక్క లేదు. గిడ్డయ్య ఆదోని పనికి పోయినప్పుడు ఆగేది, తిరిగి రాగానే మొదలయ్యేది. బేలును భుజం మీద కాకుండా నడుం మీదికి తీసుకోవడం అతనికి ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది. ఆ ఉగాదికి గిడ్డయ్య గుండు దగ్గరికి పోలేదు. ఎందుకని అడిగితే మాట మార్చేవాడు.

మళ్ళీ పీర్ల పండగ వచ్చింది. దేవేంద్రప్ప కూతురి పెళ్ళికని అదే వసారాలో హుసేన్ వలి పరుపు ఏకుతున్నాడు. గిడ్డయ్య పక్కన కూర్చుని ఏకిన దూదిని పరుపు గలీబులో కూరుతున్నాడు. ఆడవాళ్ళు ఊరికే కూర్చోలేక పాత దెబ్బ గెలికారు. "ఏం హుసేనన్నా, సిపాయిలు ఎంతమంది మిగిలినారు?"

హుసేన్ వలి తల వంచుకుని నారి మోగించాడు. గిడ్డయ్య చేతిలో దూది కింద పెట్టాడు.

"సిపాయిల సంగతి నాకి తెల్దు," అన్నాడు. "నాకి తెలిసింది ఒక్కడే. ఆ ఒక్కడు నేనే. పోయిన ఏడు ఏడో దినం నా మడమ నేల ఇడిసింది. ఈయప్ప ఇంకొంచెం తిప్పుంటే నా భుజం పోయేది, నా బిడ్డలు అడుక్కు తినేవాళ్ళు. తిప్పలా. ఓడిపోయినా అని చెప్పి నోరు ముడుచుకున్నాడు. గెలిచింది ఈయప్ప. అందుకే నేను గుండు ముట్టలా."

దేవేంద్రప్ప నోట్లో తమలపాకు నమలడం మరిచిపోయాడు. దాన్ని దవడకు తోసి, "అయితే ఆ ప్రమాణం చెల్లదు కదప్పా హుసేనూ. గెలిచినోడు ప్రమాణం చేయడమేంది? నబీ సాహెబుకు నేను చెప్తాలే. నువ్వు చెప్పు," అన్నాడు.

హుసేన్ వలి విల్లు పక్కన పెట్టాడు. ఏడాది తరవాత నోరు తెరిచాడు. "లిన్ చాచా..." అన్నాడు. అంతవరకే వచ్చింది. దూది అంటిన ముఖం మీద కన్నీళ్ళు రెండు దారులు చేసుకుంటూ దిగాయి. ఆడవాళ్ళు కూడా కళ్ళు ఒత్తుకున్నారు. అతను ముక్కు చీది, గిడ్డయ్య వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పప్పా. నేను చెప్తే మళ్ళా పదకొండుమంది అయితారు."